అతుకు

కరెంటు పోయింది రెండు నిమిషాలే.
యూపీఎస్ బ్యాటరీ సచ్చి ఆర్నెల్లయింది,
మార్పిస్త మార్పిస్త అంటనే ఉన్న.
నయీంనగర్ నాలా పొంగిన ఆ సాయంత్రం
దుకాణంల నేను, ఓదెలు సారు,
రెండొందల పన్నెండు పేజీల ఆయన థీసిసు
ముగ్గురం చీకట్ల కూసున్నం.

కరెంటొచ్చినంక ఫైలు తెరుచుకోలే.
చెడిపోయిందన్నది మిషను,
చావు కబురు తెచ్చినోని లెక్క
తలుపు కాడనే నిలవడి.

"స్వరూపా, కాపీ ఎక్కడన్న ఉండదా?"
పెన్‌డ్రైవ్‌ల లేదు. మెయిల్ల లేదు.
మొన్న తీసిన ప్రింటు మొదటి అధ్యాయమే.
ఎల్లుండి యూనివర్సిటీల ఇయ్యాలె.
సారు పరకాల నుంచి బస్సుల వస్తడు,
టిఫిన్ డబ్బాల సగం తిన్న చపాతి ఉంటది.
అయిదేండ్లు కొత్తవాడల గల్లి గల్లి తిరిగి
జంపఖానాలు నేసేటోళ్ల మాటలు ఏరుకొచ్చిండు,
తెగిన పోగుకు ఎన్ని పేర్లో,
మగ్గం మొరాయిస్తే తిట్టే తిట్లు సైతం.

మరమ్మతు చేసి తెరువుమన్న. తెరువలే.
పేరుకు అర్థం లేని ఫైళ్లు కొన్నుంటయి,
పెండ్లి తెల్లారి పందిట్ల మిగిలిన విస్తర్లోలె
మిషను ఏ మూలకో నూకేస్తది.
ఒక్కొక్కటి విప్పుకుంట పోయిన.

ఒకటి తెరుచుకున్నది.
తెలుగు కాదు. ఏ భాషా కాదు.
నెత్తి మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు,
పౌండు గుర్తులు, కొక్కేలు, కొడవండ్లు
పుట్ట పగిలిన చీమలోలె తెరంత పాకినయి.
సారు మొఖం తెల్లవోయింది.
నేను నవ్విన. ఆ పిచ్చిరాతను నేనెరుగుదు,
పాత ఫాంటుల కొట్టిన తెలుగది,
అంగీ విప్పితే అట్లనే కనవడతది.
మొత్తం ఎంచి ఫాంటు తొడిగిన.
'క' లేచింది. 'కండె' లేచింది.
ఒత్తులు రాలిపోయినయి.
కొన్ని గుడులకు అక్షరం లేదు,
కొన్ని అక్షరాలకు గుడి లేదు.

మా నాయిన, పోగు తెగితే మగ్గమాపి
రెండు కొసలు వేళ్ల నడుమ నలిపి
ఇంత బూడిద అద్ది పురి పెట్టేటోడు.
అదే పని చేస్తున్న అనుకున్న గని, కాదు.
ఆయనకు తెగిన కొస కనవడేది.
నాకు ఏది తెగిందో సారు చెప్పాలె,
సారుకు యాదికి రావాలె.

రాత్రి పదకొండు. నాలుగో అధ్యాయం సగం లేదు.
వంద పదిహేడో పేజీల మాత్రం
మేం ఎదురుచూడని పేరా ఒకటి
ఒక్క ఒత్తు రాలకుండ నిలవడి ఉన్నది.
చిలువేరు లచ్చమ్మ, డెబ్బై రెండేండ్లు:
"ఇప్పటికి ముగ్గురొచ్చిండ్లు రాసుకునెటోళ్లు.
రాసుకుంటరు, డాక్టర్లయితరు.
నా మగ్గం పొయిల కట్టెలయినంక వచ్చి
దాని పేరడుగుతున్నవు,
నువ్వేం మనిషివి కొడుకా?"

జనవరిల కొట్టింది నేనే.
మార్చిల తీసెయ్యమన్నడు సారు,
గైడు ఒప్పుకోడని.
నల్లగ ఎంచి, ఒక్క వేలుతోటి తుడిచింది నేనే.
దాచుమన్నయి దాచలే మిషను.
పారెయ్యమన్నదాన్ని దాచింది.

సారు శానసేపు చదివిండు.
కాజీపేట దిక్కు బండి కూసింది.
నా వేలు ఆ పాత మీట మీదికే పోయింది.
"తియ్యాల్నా సారూ?"
డబ్బా మూత పెట్టిండు, తీసిండు, మళ్ల పెట్టిండు.
"దాని కింద ఒక లైను కొట్టు."
"ఏమని?"
"ఆగు."

ఆగిన.
లచ్చమ్మ ప్రశ్నగుర్తు పక్కన
కర్సరు కొట్టుకుంటనే ఉన్నది.
బయట మళ్ల చినుకులు మొదలయినయి,
ట్యూబులైటు ఒక్కసారి మినుకుమన్నది.
సారు ఇంక నోరు తెరువకముందే
సేవ్ నొక్కిన. మళ్లొకసారి నొక్కిన.